వంటింటి గడప దగ్గర ఆగే గొలుసు

అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం సముద్రతీరాన బిలాక్సీ అనే ఊరుంది. ఆ ఊళ్లో 1964లో మొదలైన పేరున్న రెస్టారెంటు మేరీ మహోనీస్ ఓల్డ్ ఫ్రెంచ్ హౌస్. ఆ తీరానికి వెళ్లిన పర్యాటకులు వెతుక్కుంటూ అక్కడికి వెళ్లి, మెక్సికో గల్ఫ్ చేప తిన్నామన్న తృప్తితో బిల్లు కట్టి బయటికి వచ్చేవారు. 2024 మే నెలలో ఆ సంస్థ కోర్టు ముందు నేరం ఒప్పుకుంది. 2013 నుంచి 2019 దాకా స్థానికంగా దొరికే మేలురకం చేప అని చెప్పి అమ్మిన సరుకులో దాదాపు 58,750 పౌండ్లు, అంటే 26 టన్నులకు పైగా, అసలు ఆ సముద్రంలోదే కాదు. ఆఫ్రికా నుంచి, దక్షిణ అమెరికా నుంచి, మన భారతదేశం నుంచి మంచుగడ్డలా గడ్డకట్టి ఓడల్లో వచ్చిన చేప. దానికి సరుకు వేసిన టోకు వ్యాపార సంస్థ కూడా తరవాత నేరం ఒప్పుకుంది.

అన్నేళ్లపాటు తిన్నవాళ్లకు తేడా తెలియలేదంటే, మన చేప రుచికి అది ఒకరకంగా మెచ్చుకోలే! తప్పు చేపది కాదు, దానికి పెట్టిన పేరుది.

ఇలాంటి సంగతి బయటపడినప్పుడల్లా ఒక మాట వినిపిస్తూ ఉంటుంది: బ్లాక్‌చెయిన్ ఉంటే ఇది జరిగేదా? మెనూ కార్డు మీద చిన్న నలుపు తెలుపు గళ్ల క్యూఆర్ కోడ్, దాని ముందు ఫోను పెడితే చేప పట్టిన పడవ, పట్టిన తేదీ, రేవు, లారీ, గోదాము అన్నీ వరసగా తెర మీదికి వస్తాయి. ఎవరూ అబద్ధమాడలేరు. చెప్పడానికి చాలా బాగుంటుంది. ఇందులో ఎంత నిజమో, ఎక్కడ నిజం అయిపోయి ప్రచారం మొదలవుతుందో విడదీసి చూడాలి.

ముందు మామిడిపండు కథ. 2016లో వాల్‌మార్ట్ సంస్థలో ఆహార భద్రత విభాగానికి ఫ్రాంక్ యియానస్ అనే అధికారి పెద్దగా ఉండేవాడు. ఆయన మామిడి ముక్కల ప్యాకెట్టు ఒకటి తన బృందం ముందు పెట్టి, ఇది ఏ తోటలో కాసిన కాయో కనుక్కోమన్నాడు. మెక్సికో రైతు కోసిన కాయ ప్యాకింగ్ షెడ్డుకు వెళ్లి, పండు ఈగ గుడ్లు చావడానికి వేడినీళ్లలో మునిగి, సరిహద్దు దాటి, ఇంకోచోట ముక్కలై, శీతల గిడ్డంగిలో కొన్నాళ్లు కూర్చుని దుకాణానికి వస్తుంది. ప్రతి మజిలీలోనూ ఒక కాగితమో ఒక కంప్యూటరో ఉంది. కానీ ఒకరి లెక్క ఇంకొకరికి తెలియదు. ఫోన్లు చేసి, ఈమెయిళ్లు పంపి, పాత బిల్లులు తిరగేసి తోట కనుక్కునేసరికి 6 రోజుల 18 గంటల 26 నిమిషాలు పట్టింది. ఐబీఎంతో కలిసి ఆ మజిలీలన్నిటినీ ఒకే బ్లాక్‌చెయిన్ మీదికి ఎక్కించాక అదే పనికి పట్టిన సమయం 2.2 సెకన్లు.

ఆ రెండు అంకెలూ ప్రపంచమంతా తిరిగాయి. ఆహారం, బ్లాక్‌చెయిన్ అన్న మాటలు కలిసిన ప్రతి సభలోనూ వాటిని చూపించారు. అయితే ఆ దాదాపు ఏడు రోజుల్ని మింగేసింది ఏది? బ్లాక్‌చెయినా, లేక అందరూ తమ లెక్కల్ని ఒకే పద్ధతిలో కంప్యూటర్లోకి ఎక్కించడమా? ఈ ప్రశ్న ఆ సభల్లో అంతగా వినిపించలేదు.

ఇంతకీ ఈ బ్లాక్‌చెయిన్ చేసే పనేమిటి? ఒకప్పుడు మన పల్లెల్లో భూమి లెక్కలు కరణం గారి దస్తరంలో ఉండేవి. పుస్తకం ఒక్కటే, కలం ఒకరిదే. రాత్రికి రాత్రి ఒక సర్వే నంబరు ఎదుట పేరు మారినా అడిగే నాథుడు లేడు. అదే దస్తరం నకలు ఊళ్లో ప్రతి రైతు ఇంట్లోనూ ఉండి, కొత్త పద్దు రాసినప్పుడల్లా అందరి పుస్తకాల్లోనూ ఒకేసారి పడితే, ఒకరు దిద్దిన పేజీ మిగతా పుస్తకాలతో కలవదు. దొంగ దొరికిపోతాడు. బ్లాక్‌చెయిన్‌లో దీనికి తోడు ఇంకో కట్టుబాటు ఉంది. ప్రతి పేజీకీ అందులోని అక్షరాల నుంచి గణితం ప్రకారం ఒక పొడవాటి సంఖ్య పుడుతుంది. దాన్ని హాష్ అంటారు. పేజీలో ఒక్క చుక్క మారినా హాష్ మొత్తం మారిపోతుంది. ముందు పేజీ హాష్‌ను తరవాతి పేజీలో రాస్తారు కాబట్టి, నడుమ ఒక పేజీ దిద్దాలంటే ఆ తరవాతి పేజీలన్నీ తిరగరాయాలి.

ఈ ఊహ బిట్‌కాయిన్ అనే డిజిటల్ నాణెం కంటే పాతది. 1991లో స్టువర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెట్టా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కంప్యూటర్ పత్రాలకు మార్చడానికి వీల్లేని తేదీ ముద్ర ఎలా వెయ్యాలా అని ఆలోచించి దీన్ని ప్రతిపాదించారు. వాళ్లు పెట్టిన కంపెనీ 1995 నుంచి వారం వారం ఒక హాష్‌ను న్యూయార్క్ టైమ్స్ పత్రికలో చిన్న ప్రకటనగా వేయించేది. పోయిన వస్తువులూ దొరికిన వస్తువులూ ఉండే పేజీలో! లక్షల కాపీలు అచ్చయిపోయిన పత్రికను ఎవరు దిద్దగలరు? బిట్‌కాయిన్ 2009లో వచ్చింది. వాల్‌మార్ట్ వాడిన హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్ అనే రకంలో నాణేలూ లేవు, కరెంటు తాగే మైనింగూ లేదు. చేరినవాళ్లందరూ ఒకరికొకరు తెలిసిన వ్యాపారులే. ఎవరి సమాచారం ఎవరు చూడాలో ముందే ఒప్పందం ఉంటుంది.

రెస్టారెంట్లకు ఇలాంటి ఆచూకీ లెక్క ఎందుకు కావాలో 2018 వసంతకాలంలో అమెరికాకు బాగా తెలిసొచ్చింది. రొమైన్ అనే సలాడ్ ఆకులో చేరిన ఈకోలై క్రిమి 36 రాష్ట్రాల్లో 210 మందిని జబ్బు పాలు చేసింది. ఐదుగురు చనిపోయారు. మొదట్లో జబ్బుపడినవాళ్లను అడిగితే చాలామంది చెప్పింది ఒకటే, రెస్టారెంట్లో సలాడ్ తిన్నామని. ఆ రెస్టారెంట్లను అడిగితే తరిగి సంచుల్లో వచ్చిన ఆకు వాడామన్నారు. సంచిలో ఎన్ని పొలాల ఆకు కలిసిందో ఎవరికి తెలుసు? రికార్డులు చాలామటుకు కాగితాల మీద, కొన్ని చేతిరాతలో ఉన్నాయి. అధికారులు వెనక్కి వెళ్లి వెళ్లి అరిజోనా రాష్ట్రం యూమా ప్రాంతంలో 23 క్షేత్రాల దాకా చేరారు. అదే క్రిమి అక్కడి పంటకాలువ నీళ్లలో కనిపించింది. కానీ ఆలోగా ఆ ప్రాంతపు ఆకు కోత సీజనే ముగిసిపోయింది. ఏ ఆకు మంచిదో తెలియక, దేశంలో జనం మంచి ఆకునూ చెత్తబుట్టలో పారేశారు. ఆ సెప్టెంబరులోనే వాల్‌మార్ట్ తనకు ఆకుకూరలు వేసేవాళ్లందరికీ ఉత్తరం రాసింది. ఏడాదిలోగా బ్లాక్‌చెయిన్‌లో చేరాలని.

అంతకుముందు 2015లో చిపోట్లే అనే హోటళ్ల గొలుసుకు వచ్చిన కష్టం ఇంకా విచిత్రం. ఈకోలై సోకి రెండు విడతల్లో 60 మంది జబ్బుపడ్డారు. వాషింగ్టన్, ఒరెగాన్ రాష్ట్రాల్లో 43 హోటళ్లను సంస్థే మూసేసింది. 2016 ఫిబ్రవరి 1న ప్రభుత్వం దర్యాప్తు ముగిసిందని ప్రకటించింది. ఏ పదార్థం వల్ల వచ్చిందో మాత్రం తేలలేదు. ఆ హోటల్లో అన్నం, చిక్కుడు గింజలు, టమాటా, కొత్తిమీర, మాంసం అన్నీ వరసగా గిన్నెల్లో ఉంటాయి. అడిగినవాడికి అడిగినట్టు కలిపి చుట్టి ఇస్తారు. దాదాపు ప్రతి వంటకంలోనూ అవే సరుకులు. జబ్బుపడినవాడు ఏం తిన్నాడని అడిగితే అన్నీ తిన్నానంటాడు. బుర్ర పట్టుకోవడం తప్ప పరిశోధకులు చేసేదేముంది?

దీని పక్కన 2024 అక్టోబరు నాటి మెక్‌డొనాల్డ్స్ ఉదంతం పెట్టి చూడాలి. క్వార్టర్ పౌండర్ అనే బర్గర్ తిన్నవాళ్లలో 104 మంది జబ్బుపడ్డారు, ఒకరు చనిపోయారు. సన్నగా తరిగిన పచ్చి ఉల్లిపాయల మీద అనుమానం త్వరగానే పడింది. అవి వచ్చిన కేంద్రమేదో తెలిసింది. దేశంలో దాదాపు అయిదో వంతు హోటళ్లలో ఆ బర్గర్‌ను కొన్నాళ్లు ఆపేస్తే సరిపోయింది. మొదటి ఉదంతంలో తేలనిది రెండోదాంట్లో ఎలా తేలింది? ఆ తరహా ఉల్లి ముక్కలు వేసే వంటకాలు తక్కువ కావడం, సరఫరాదారు ఎవరో స్పష్టంగా ఉండటం వల్ల. ఒక్కోసారి మెనూ అల్లికే ఆచూకీ చెప్పేస్తుంది.

చిపోట్లే ఆ తరవాత ఊరుకోలేదు. 2022లో షికాగో చుట్టుపక్కల దాదాపు 200 హోటళ్లలో పెట్టెలకు ఆర్‌ఎఫ్‌ఐడీ బిళ్లలు అంటించి పరీక్ష మొదలుపెట్టింది. మాంసం, పాల పదార్థాలు, అవకాడోలు ఉన్న ప్రతి పెట్టె గుమ్మం దాటగానే రేడియో తరంగాలతో తన నంబరు తానే చెబుతుంది. గుమాస్తా రాయక్కర్లేదు. బ్లాక్‌చెయిన్ అన్న పేరు అంతగా వినిపించని ఈ ప్రయత్నమే అసలు చిక్కును నేరుగా పట్టుకుంది. పద్దును చెరపకుండా కాపాడటం రెండో పని. ఆ పద్దు సరిగ్గా పడటం మొదటి పని.

ఇక్కడ మన ఊసు వస్తుంది. 2023-24లో భారతదేశం ఎగుమతి చేసిన గడ్డకట్టిన రొయ్యలు 7.16 లక్షల టన్నులు. అందులో 2.97 లక్షల టన్నులు అమెరికాకే వెళ్లాయి. దేశంలో రొయ్యల సాగుకు ఆంధ్రప్రదేశ్‌ది పెద్ద పేరు. భీమవరం చుట్టుపక్కలా నెల్లూరు తీరంలోనూ ఏరేటర్లు తిరుగుతున్న వెనామీ చెరువు చూడని ప్రయాణికుడు ఉండడు. 2019 అక్టోబరులో వాల్‌మార్ట్ ఈ రొయ్య మీదా తన ప్రయోగం చేసింది. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన సంధ్యా ఆక్వా అనే ప్రాసెసింగ్ సంస్థ ఐబీఎం ఫుడ్ ట్రస్ట్ అనే బ్లాక్‌చెయిన్ వేదికలో చేరి, ఇక్కడి చెరువు నుంచి అమెరికాలోని కొన్ని శామ్స్ క్లబ్ దుకాణాల దాకా రొయ్య దారిని నమోదు చేసింది. భారతీయ రైతు నుంచి విదేశీ దుకాణం దాకా బ్లాక్‌చెయిన్ మీద రొయ్యను నడిపించడం అదే మొదటిసారని అప్పట్లో చెప్పారు.

చెరువు గట్టు మీద నిలబడి ఆలోచిస్తే పని అంత సులువుగా అనిపించదు. సీడు ఏ హేచరీది, మేత ఏ బ్యాచ్‌ది, జబ్బు తగిలినప్పుడు చెరువులో ఏం కలిపారు, పట్టుబడి రోజున ఐస్ ఎంత వేశారు, ఏ కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క) ఎన్ని కిలోలు వచ్చింది, ఇవన్నీ ఎవరో ఒకరు రాయాలి. పట్టుబడి తరచూ చీకటితోనే మొదలవుతుంది. వల లాగే కూలీలు, తూకం దగ్గర ఏజెంటు, ఎదురుచూసే లారీ డ్రైవరు. ఆ హడావుడిలో ఫోను తీసి వివరాలు కొట్టేదెవరు? రెండు చెరువుల రొయ్యలు ఒకే కౌంటని ఒకే తొట్టెలో కలిస్తే, ఆ తరవాత ఎంత గొప్ప గొలుసు కట్టినా రెండింటినీ విడదీయలేదు. యాంటీబయాటిక్ వాడి వాడలేదని రాస్తే, వాడలేదన్న మాటే చెరగని అక్షరాల్లో శాశ్వతంగా ఉండిపోతుంది. అందుకే విదేశీ కొనుగోలుదారు బ్లాక్‌చెయిన్ ఉన్నా సరే ప్రయోగశాల పరీక్ష అడుగుతాడు. పట్టుబడికి ముందే రొయ్యను పరీక్షించే, సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే ఎంపెడా సంస్థ ప్రయోగశాలలు, చెరువుల నమోదు కార్డులు మనకు ఎప్పటి నుంచో ఉన్నాయి. గొలుసుకు బలం అక్కడి నుంచే రావాలి.

నిజానికి బ్లాక్‌చెయిన్ లేకుండానే ఈ పని చేసి చూపించిన అనుభవం మన దేశానికి ఉంది. ఐరోపాకు వెళ్లే ద్రాక్షలో పురుగుమందుల అవశేషాల గొడవ వచ్చాక, 2006లో అపెడా సంస్థ గ్రేప్‌నెట్ అనే వ్యవస్థ పెట్టింది. తోట నమోదు, తనిఖీ, ప్రయోగశాల ఫలితం, ప్యాకింగ్ షెడ్డు అన్నీ ఒకే వెబ్‌సైటులో. మామూలు డేటాబేసే. పరీక్షలో తప్పిన తోట పండు ఎగుమతికి కదలదు. ఆ తరవాత మసాలాల వంతు వచ్చింది. 2021లో స్పైసెస్ బోర్డు, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం కలిసి ఆంధ్రప్రదేశ్‌లో 3,000 మందికి పైగా మిర్చి, పసుపు రైతులతో బ్లాక్‌చెయిన్ ప్రయోగం తలపెట్టాయి. అంతకు రెండేళ్ల ముందే కాఫీ బోర్డు కూడా తన బ్లాక్‌చెయిన్ సంతను తెరిచింది. ఇలా చూస్తే మన రైతుకు ఈ మాట కొత్తది కాదు. దాని వల్ల కిలోకు ఎంత ఎక్కువ వస్తుందన్నదే అతని ప్రశ్న, చాలా న్యాయమైన ప్రశ్న.

మళ్లీ రెస్టారెంటుకు వెళదాం. 2019లో మసాచుసెట్స్‌కు చెందిన రా సీఫుడ్స్ అనే సంస్థ స్కాలప్ అనే ఆల్చిప్ప జాతిని పడవ మీది నుంచే బ్లాక్‌చెయిన్‌లోకి ఎక్కించింది. ఎక్కడ పట్టారు, ఎప్పుడు పైకి లాగారు, రేవుకు ఎప్పుడు చేరింది, అన్నీ. కాలిఫోర్నియాలో ట్యాప్స్ ఫిష్ హౌస్ అనే రెస్టారెంటు ఆ వివరాలను మెనూ మీది కోడ్‌తో భోజనానికి వచ్చినవాళ్లకు చూపించే ప్రయత్నం చేసింది. స్టార్‌బక్స్ 2020లో అమెరికాలో కాఫీ గింజల సంచి మీది కోడ్‌తో గింజ పండిన దేశం, వేయించిన చోటు చెప్పసాగింది. చూడముచ్చటగానే ఉంటుంది. ఆకలితో కూర్చున్నవాడు ఎంతమందని ఫోను తీసి పడవ ఫోటో చూస్తాడు? మొదటిసారి సరదాకు చూస్తాడు. రెండోసారి ఉప్పు సరిపోయిందా లేదా అని చూస్తాడు.

పైగా అబద్ధం పుట్టే చోటు వేరే. ఓషియానా అనే సంస్థ 2010 నుంచి 2012 దాకా అమెరికాలో 1,215 చేప నమూనాలకు డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే మూడో వంతుకు పేరు తప్పుగా ఉంది. కిరాణా దుకాణాల్లో తప్పు 18 శాతం, రెస్టారెంట్లలో 38 శాతం, పచ్చి చేప వడ్డించే సూషీ హోటళ్లలో 74 శాతం. రెడ్ స్నాపర్ అని అమ్మిన 120 నమూనాల్లో నిజంగా ఆ చేప 7 మాత్రమే. ఇక 2016లో టాంపా బే టైమ్స్ పత్రికలో హోటళ్ల సమీక్షలు రాసే లారా రైలీ, పొలం నుంచి నేరుగా పళ్లెంలోకి అని పలకల మీద రైతుల పేర్లు రాసుకున్న ఫ్లోరిడా రెస్టారెంట్లను ఒక్కొక్కటిగా తరచి చూసింది. పలక మీద ఉన్న రైతుకే ఫోన్ చేసి అడిగింది. మేం వాళ్లకు సరుకు వెయ్యడం లేదని, ఎప్పుడో మానేశామని కొందరు రైతులు చెప్పారు. ఆమె ఆ పని ఒక ఫోనుతో, కొన్ని డీఎన్‌ఏ పరీక్షలతో చేసింది. మరుసటి ఏడాది పులిట్జర్ తుది జాబితా దాకా ఆమె పేరు వెళ్లింది.

బిలాక్సీ రెస్టారెంటులోనూ జరిగింది ఇదే. పెట్టె మీద చేప ఏ దేశానిదో ఉంటుంది. పెట్టె వంటింటి గడప దాటి, చీటీ చెత్తబుట్టలో పడి, చేప పెనమెక్కాక దాని పేరు పెట్టేది మెనూ రాసేవాడు. ఓడ నుంచి గోదాము దాకా ఉన్న రికార్డు ఎంత పవిత్రంగా ఉన్నా, ఆఖరి పది అడుగులు వంటవాడి చేతిలో, యజమాని చేతిలో ఉంటాయి. హాష్ మాంసానికి అంటుకోదు కదా! పళ్లెంలోని ముక్కను నిగ్గు తేల్చాలంటే డీఎన్‌ఏ పరీక్షో, హఠాత్తుగా వచ్చే తనిఖీ అధికారో ఉండాలి. లూసియానా రాష్ట్రంలో విదేశీ రొయ్య వడ్డించే రెస్టారెంటు ఆ సంగతి తినేవాళ్లకు చెప్పి తీరాలని చట్టమే చేశారు.

ఖర్చు విషయం కూడా చిన్నది కాదు. గొలుసులో పెద్ద వ్యాపారి ఉత్తరం రాసి ఆజ్ఞాపిస్తే చిన్నవాళ్లు చేరతారు. సమానబలం ఉన్న పోటీదారుల్ని ఒకే పుస్తకంలో రాయమంటే ఎవరూ కదలరు. ఓడల సరుకు రవాణా కోసం మేర్స్క్, ఐబీఎం కలిసి పెట్టిన ట్రేడ్‌లెన్స్ అనే బ్లాక్‌చెయిన్ వేదికను చాలినంత మంది కలిసిరాక 2022 నవంబరులో మూసేస్తున్నట్టు ప్రకటించారు. అంత పెద్దవాళ్లకే నడవలేదు.

ఇప్పుడు అందరి చూపూ అమెరికా కొత్త నిబంధన మీద ఉంది. మామిడి ముక్కల ప్యాకెట్టు కథ నడిపిన యియానస్ 2018 చివర్లో అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏలో ఉన్నతాధికారిగా చేరాడు. ఆయన ఉన్న కాలంలోనే, 2022 నవంబరులో, ఆహార ఆచూకీ నిబంధన ఖరారైంది. ప్రమాదమున్న ఆహారాల జాబితాలో ఆకుకూరలు, గుడ్లు, కొన్ని జున్నులు, తాజా కూరగాయలు కొన్ని, రొయ్యలు ఉన్నాయి. సరుకు ఏ బ్యాచ్‌దో చెప్పేలా ప్యాకింగ్ దగ్గర వేసిన లాట్ కోడ్ చేతులు మారిన ప్రతిచోటా నమోదు కావాలి. ప్రభుత్వం అడిగిన 24 గంటల్లోగా ఆ వివరాలు ఇవ్వాలి. బ్లాక్‌చెయినే వాడాలని ఎక్కడా లేదు, మామూలు స్ప్రెడ్‌షీటు చాలు. మరీ చిన్న హోటళ్లకు మినహాయింపు ఉంది. మిగతా రెస్టారెంట్లు కూడా సరుకు అందుకున్నప్పటి లెక్క రాస్తే చాలు. ఆ తరవాత ఏ ముక్క ఏ పళ్లెంలోకి వెళ్లిందో రాయమని నిబంధన అడగదు. అమలు గడువు మొదట 2026 జనవరి 20 అన్నారు. వ్యాపారులు సిద్ధంగా లేమంటే 2028 జూలైకి జరిపారు. అప్పటిలోగా లాట్ కోడ్ ఎవరు వెయ్యాలి, ఆ ఖర్చు ఎవరు భరించాలి, రెండు చెరువుల రొయ్యలు కలిస్తే కోడ్ ఎవరిది అన్న లెక్కలు అమెరికాకు సరుకు పంపే మన ప్రాసెసింగ్ ప్లాంట్లలోనూ తేలాల్సి ఉంది.